డెడ్‌వుడ్ వెళ్తే ఆడమ్స్ మ్యూజియం వదలకండి

మౌంట్ రష్‌మోర్ చూడ్డానికి అమెరికాలోని సౌత్ డకోటా వెళ్తుంటే, బంగారం వేటలో పుట్టిన పాత ఊరు డెడ్‌వుడ్‌కి ఒక పూట ఉంచుకోండి. మెయిన్ స్ట్రీట్‌లో తుపాకులు పేల్చే కౌబాయ్ డ్రామా పిల్లలకు సరదా, పెద్దవాళ్లకు ఒకసారి చాలు. నా ఓటు ఆడమ్స్ మ్యూజియానికే. 1930లో డబ్ల్యూ.ఈ. ఆడమ్స్ అనే వ్యాపారి దీన్ని ఊరికి కట్టించి ఇచ్చాడు. చిన్నదే కానీ సరుకున్నది.

జనం మూగేది పొటాటో క్రీక్ జానీ అనే బంగారం వేటగాడి బంగారు ముద్ద దగ్గర. 1929లో దొరికింది, ఏడు ట్రాయ్ ఔన్సుల పైమాటే. మన లెక్కలో ఇరవై తులాలకు అటూ ఇటూ. మా నాన్నగారు అక్కడే నిలబడి ఇవాళ్టి రేటుతో గుణించడం మొదలుపెట్టారు.

నన్ను కట్టిపడేసింది థోయెన్ రాయి. 1887లో స్పియర్‌ఫిష్ దగ్గర బయటపడిన పలక ఇది. తోటివాళ్లందరూ చనిపోయారు, మోయగలిగినంత బంగారం దొరికింది, తుపాకీ పోయింది, తిండి లేదు, ఇండియన్లు (అక్కడి ఆదివాసులు) వేటాడుతున్నారు అని ఎజ్రా కైండ్ అనేవాడు 1834లో చెక్కినట్టు దానిమీద ఉంటుంది. అసలుదా, ఎవరో తర్వాత చెక్కిందా అన్న వాదన ఇంకా తెగలేదు. అసలుదే అయితే, 1874లో అమెరికా సైన్యాధికారి కస్టర్ దండు ఇక్కడ బంగారం ఉందని చాటడానికి నలభై ఏళ్ల ముందు సంగతి. 1868 ఒప్పందం ప్రకారం బ్లాక్ హిల్స్ అనే ఈ కొండలు లకోటా ఆదివాసులవి. అయినా 1876కల్లా ఇక్కడ ఊరు లేచింది. 1980లో అమెరికా సుప్రీంకోర్టు పరిహారం ఇమ్మన్నా వాళ్లు ఆ డబ్బు ముట్టలేదు, భూమే కావాలంటున్నారు. ఈ గొడవకి మ్యూజియంలో ఇంకాస్త చోటుంటే బాగుండేది.

పిల్లలకు మాత్రం ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేదని చెప్పే ప్లీసియోసార్ (పూర్వకాలపు సముద్ర సరీసృపం) ఎముకలు చూపించండి. చార్లెస్ హాస్ అనే ఆయనకు దొరికాయి, 2007లో పహసపసారస్ హాసీ అని పేరు పెట్టారు.

గని చూడాలంటే పక్కనే లీడ్ ఊరు. 8,000 అడుగుల లోతున్న హోమ్‌స్టేక్ 2002లో మూతపడింది, ఇప్పుడు దానిలో 4,850 అడుగుల లోతున భౌతికశాస్త్ర ప్రయోగాలు జరుగుతున్నాయి. విజిటర్ సెంటర్ నుంచి పెద్ద గుంత కనిపిస్తుంది, అరగంట చాలు.

బస విషయానికొస్తే, కింద కేసినో ఉన్న హోటల్లో దిగాం. గది బాగానే ఉంది, కానీ రాత్రి మెషీన్ల మోత వల్ల నిద్ర సరిగ్గా పట్టలేదు. పిల్లలతో వెళ్తే ర్యాపిడ్ సిటీలో దిగడం మేలు, గంట లోపు డ్రైవ్. ఆగస్టులో దగ్గర్లోని స్టర్గిస్ ఊళ్లో బైక్ ర్యాలీ జరిగే రోజుల్లో గదులు దొరకడమే కష్టం, రేట్లు మండిపోతాయి. శాకాహారులు పులిహోర కలిపి పట్టుకెళ్లండి. పేరుమోసిన తుపాకీవీరుడు వైల్డ్ బిల్ హికాక్ సమాధి ఉన్న మౌంట్ మొరయా శ్మశానానికి ఎక్కుడు ఎక్కువ, మోకాళ్ల నొప్పులుంటే దాన్ని వదిలేయొచ్చు.