మార్షల్, వాక్స్ టోన్ కోసం మోడలింగా, క్యాప్చరా: ఏది మేలు?

వంద వాట్ల మార్షల్ ప్లెక్సీ గిటారు ఆంప్ అసలు గొంతు వినాలంటే వాల్యూమ్ 6 దాటించాలి. ఆ మోతకు కళ్యాణ మండపమే అదిరిపోతుంది, ఇక తిరుపతి భవానీ నగర్ అపార్ట్‌మెంటు సంగతి చెప్పక్కర్లేదు. అందులోని ఈఎల్34 వాల్వులు (సిగ్నల్‌ను పెంచే గాజు గొట్టాలు) పోతే చెన్నైకో బెంగళూరుకో పోవాలి. కొత్తవి తెచ్చుకున్నాక, లోపల 400 వోల్టులు దాటే పెట్టెను తెరిచి బయాస్ (వాల్వుల్లో పారే కరెంటు) సరిచేసే మనిషి దొరకాలి. అందుకే తిరుపతి, చిత్తూరు వైపు మార్షల్, వాక్స్ లాంటి బ్రిటిష్ ఆంపుల టోన్ మీద మనసుపడ్డవాళ్లకు, ఆ సౌండును అనుకరించే డిజిటల్ మోడలరే దారి. అందులో చిన్నతనం ఏమీ లేదు, ఆ పెట్టెలు ఇప్పుడు నిజంగానే ఆ స్థాయికి వచ్చాయి. తేల్చుకోవాల్సింది ఏ రకం కొనాలన్నదే.

మోడలింగ్ అంటే ఆంప్ సర్క్యూట్‌లో వాల్వు, టోన్ కంట్రోళ్లు, ట్రాన్స్‌ఫార్మర్, పవర్ సప్లై ఇలా ఒక్కోదాన్నీ విడివిడిగా లెక్కగట్టి సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ కట్టడం. లైన్ 6 హెలిక్స్, హెచ్ఎక్స్ స్టాంప్, ఫ్రాక్టల్ ఈ పద్ధతివి. క్యాప్చర్ దారి వేరు. నిజమైన ఆంప్‌ను ఏదో ఒక సెట్టింగులో పెట్టి, దానిగుండా పరీక్ష సిగ్నల్ పంపి, లోపలికి వెళ్లింది బయటికి ఎలా వచ్చిందో న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పుతారు. టోనెక్స్, న్యూరల్ ఆంప్ మోడలర్ ఈ కోవవి. క్వాడ్ కార్టెక్స్‌లో రెండూ ఉన్నాయి.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఒకే సాయంత్రం మెలొడీ, మాస్ బీటు, రాక్ అన్నీ వాయించాల్సిన రిసెప్షన్ ఆర్కెస్ట్రా గిటారిస్టుకు, చర్చి బృందానికి, కాలేజీ ఫెస్ట్ బ్యాండుకు మోడలింగ్ మేలు. ఒకటి రెండు టోన్లతో ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవాళ్లకు క్యాప్చర్ మేలు. అయితే ఈ తేడా అన్ని ఆంపులకూ ఒకేలా వర్తించదు. ప్లెక్సీ దగ్గర చాలా పెద్దది, మార్షల్‌దే మరో ఆంప్ జేసీఎం800 దగ్గర దాదాపు ఉండదు.

ప్లెక్సీ: అసలు పరీక్ష ఇక్కడే

ప్లెక్సీ అని పిలిచే 1959 సూపర్ లీడ్‌కు మాస్టర్ వాల్యూమ్ లేదు. (1959 అన్నది మోడల్ నంబరు, సంవత్సరం కాదు. ఈ ఆంప్ అరవైల మధ్యలో వచ్చింది.) ప్రీఆంప్‌లో (సిగ్నల్‌ను మొదట పెంచే భాగం) పుట్టే డిస్టార్షన్ కొంతే. ఎక్కువ భాగం ఫేజ్ ఇన్వర్టర్‌లో, స్పీకర్‌ను నడిపే నాలుగు ఈఎల్34ల పవర్ సెక్షన్‌లో పుడుతుంది. బాస్, మిడిల్, ట్రెబుల్ నాబులు ఆ పవర్ సెక్షన్‌కు ముందే ఉంటాయి. అంటే బాస్ తగ్గిస్తే డిస్టార్షన్‌లోకి పోయే బాసే తగ్గుతుంది, లావు తీగలు బిగుతుగా పలుకుతాయి.

క్యాప్చర్‌లో ఇది కుదరదు. అందులో కనిపించే బాస్ నాబు సాధారణంగా మొత్తం డిస్టార్షన్ అయిపోయాక పనిచేసే ఈక్యూ (బాస్, ట్రెబుల్‌ను సర్దేది). లావు తీగలు ముద్దముద్దగా వస్తున్నాయని దాన్ని తగ్గిస్తే సౌండు పలచబడుతుంది గానీ ముద్దదనం పోదు. దీనికో మందు ఉంది. క్యాప్చర్ బ్లాకుకు ముందు ఒక ఈక్యూ పెట్టి 120 నుంచి 150 హెర్ట్జ్ దగ్గర లో కట్ (ఆ కిందిదాన్ని తీసేయడం) ఇవ్వాలి. హంబకర్ పికప్‌లున్న గిటారుకు 150, సింగిల్ కాయిల్ పికప్‌లదానికి 120 సరిపోతుంది.

గెయిన్ నాబుదీ ఇదే కథ. అసలు ప్లెక్సీలో బ్రైట్ ఛానల్ వాల్యూమ్ మీద సుమారు 5000 పీకోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది. వాల్యూమ్ 3లో ఉంటే అది ట్రెబుల్‌ను చెవిలో గుచ్చుకునేలా పైకి తోస్తుంది, 8కి వెళ్లేసరికి దాని ప్రభావం దాదాపు మాయమవుతుంది. వాల్యూమ్ 8లో తీసిన క్యాప్చర్ గెయిన్ తగ్గించినంత మాత్రాన వాల్యూమ్ 3లోని ప్లెక్సీ రాదు. అక్కడ తగ్గేది ఇన్‌పుట్ లెవెల్ మాత్రమే. మోడలింగ్‌లో ఆ కెపాసిటర్ కూడా లెక్కలో ఉంటుంది. అందుకే ప్లెక్సీ మోడల్ వాల్యూమ్ తగ్గించి క్లీన్ చేయబోయినవాళ్లకు సౌండు సన్నగా, కటువుగా వినిపిస్తుంది. మోడల్ చెడ్డదని కాదు, అసలు ఆంప్ చేసేదే అది.

హెలిక్స్‌లో బ్రిట్ ప్లెక్సీ జంప్ మోడల్ తీసుకోండి. రెండు ఛానళ్లను చిన్న తీగతో కలిపి వాయించే పాత పద్ధతికి అది నకలు. నార్మల్ డ్రైవ్ 5, బ్రైట్ డ్రైవ్ 7, బాస్ 2.5, మిడ్ 7, ట్రెబుల్ 5.5, ప్రెజెన్స్ 4 నుంచి మొదలుపెట్టండి. మాస్టర్ 10లోనే ఉంచాలి. అసలు ఆంప్‌లో ఆ నాబే లేదు కనుక, తగ్గిస్తే పవర్ సెక్షన్ డిస్టార్షన్ పోయి బొంగురు ప్రీఆంప్ మోత మిగులుతుంది. శబ్దం తగ్గించాలంటే ఛానల్ వాల్యూమ్ వాడండి, అది టోన్‌ను ముట్టదు.

క్లీన్ కావాలంటే ఆంప్‌ను కదపొద్దు, గిటారు వాల్యూమ్‌ను 3-4కు దించండి. ఈ పనిని మంచి క్యాప్చర్ కూడా చక్కగా చేస్తుంది, మోడలింగ్‌తో సమానంగా. దించినప్పుడు సౌండు దుప్పటి కప్పినట్టు అయితే తప్పు మోడలర్‌ది కాదు. గిటారు వాల్యూమ్ పాట్, కేబుల్ కెపాసిటెన్స్ కలిసి పైస్థాయి తినేస్తున్నాయి. పాట్ మొదటి రెండు కాళ్ల మధ్య 1 నానోఫారడ్ కెపాసిటర్, దానికి సమాంతరంగా 150 కిలోఓమ్ రెసిస్టర్ వేయిస్తే సరిపోతుంది. టంకం పెట్టడం వచ్చిన ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ఎవరైనా చేసిపెడతారు. ఆరు మీటర్ల కేబుల్ మాని మూడు మీటర్లది వాడినా తేడా తెలుస్తుంది.

వాక్స్ ఏసీ30

నాలుగు ఈఎల్84లు, క్యాథోడ్ బయాస్, నెగటివ్ ఫీడ్‌బ్యాక్ లేని పవర్ సెక్షన్. ఆ గంటలాంటి గలగల, మీటిన కొద్దీ మెల్లగా చిట్లే గుణం అక్కడినుంచే వస్తాయి. టాప్ బూస్ట్ ఛానల్‌లో ట్రెబుల్, బాస్ నాబులు ఒకదాన్నొకటి లాగుతాయి. రెండూ పెంచితే మిడ్ గుంటపడి, బృందంలో గిటారు వినపడకుండా పోతుంది. ఇంకో చిక్కు కట్ నాబు. దాన్ని పెంచితే ట్రెబుల్ తగ్గుతుంది. చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుని, సౌండు మందంగా ఉందని దాన్నే ఇంకా పెంచుతుంటారు.

హెలిక్స్‌లో ఎసెక్స్ ఏ30కి డ్రైవ్ 5, ట్రెబుల్ 5, బాస్ 4, కట్ 4 మంచి మొదలు. చర్చి ఆరాధనలో వినిపించే తేలియాడే గిటారుకు దీని తర్వాత డాటెడ్ ఎయిత్ డిలే (ముప్పావు బీటు తర్వాత పలికే ప్రతిధ్వని) పెట్టాలి. 60,000ను టెంపోతో భాగించి 0.75తో గుణిస్తే మిల్లీసెకన్లు వస్తాయి. 120 టెంపోకు 375, 72 టెంపోకు 625.

క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే తరహా సౌండు వేరే లెక్క. ఆయన ఏసీ30 నార్మల్ ఛానల్‌ను ట్రెబుల్ బూస్టర్‌తో గట్టిగా నెట్టి వాయిస్తాడు. హెలిక్స్‌లో డిరేంజ్డ్ మాస్టర్ పెడల్‌ను మొట్టమొదట, దాని తర్వాత ఏ30 ఫాన్ నార్మల్ మోడల్ పెట్టండి. ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (గిటారు సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) ఆటోలో ఉండాలి. పాతకాలపు ట్రెబుల్ బూస్టర్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ బాగా తక్కువ, అది పికప్‌ను లోడ్ చేయడం కూడా ఆ టోన్‌లో భాగమే. బూస్టర్‌తో కలిపి తీసిన క్యాప్చర్‌లో ఆ లోడింగ్ మీ గిటారు మీద పడదు. అందుకే వాక్స్ విషయంలో మా ఓటు మోడలింగ్‌కే.

జేసీఎం800: క్యాప్చర్ గెలిచే చోటు

జేసీఎం800 వరుసలోని 2203, 2204 మోడళ్లలో డిస్టార్షన్ ప్రధానంగా ప్రీఆంప్‌దే. రెండో స్టేజీలో 10 కిలోఓమ్ క్యాథోడ్ రెసిస్టర్ వల్ల వాల్వు తక్కువ కరెంటుతో బయాస్ అయి సిగ్నల్‌ను ఒకవైపు కర్కశంగా నరుకుతుంది. టోన్ నాబులు దాని తర్వాత వస్తాయి. కాబట్టి క్యాప్చర్ తర్వాత పెట్టే ఈక్యూ అసలు ఆంప్ నాబులకు దగ్గరగానే పనిచేస్తుంది, ప్లెక్సీ దగ్గర చెప్పిన లోటు ఇక్కడ లేదు. పైగా మంచి నమూనా నుంచి తీసిన క్యాప్చర్‌లో పిక్ తగిలిన చప్పుడు, మిడ్‌లోని గరుకుదనం అచ్చంగా దిగుతాయి.

గెయిన్ 5-6లో తీసిన క్యాప్చర్ ఎంచుకోండి, 10లో తీసింది వద్దు. ముందు ట్యూబ్ స్క్రీమర్ తరహా పెడల్ పెట్టి డ్రైవ్ 0, టోన్ సగం, లెవెల్ పూర్తిగా ఇస్తే చాలు. అది సుమారు 720 హెర్ట్జ్ కింద బాస్‌ను పలచన చేసి ఆంప్‌ను నెడుతుంది. పామ్ మ్యూట్ (అరచేత్తో తీగలు అదిమి మీటడం) రాయిలా బిగుసుకుంటుంది.

స్పీకర్ మార్చితే అన్నీ మారతాయి

మోడలింగా, క్యాప్చరా అని కొట్టుకునేవాళ్లు చాలాసార్లు ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్) దగ్గర పొరపాటు పడుతుంటారు. స్పీకర్, క్యాబినెట్, మైక్ మూడింటి స్వభావాన్ని దాచిన చిన్న ఫైలు ఐఆర్. దాని ప్రభావం ఆంప్ మోడల్ కంటే ఎక్కువ. ఏసీ30కి వెనక తెరిచి ఉన్న 2x12 క్యాబ్‌లో (12 అంగుళాల స్పీకర్లు రెండున్న క్యాబినెట్) సెలెషన్ బ్లూ, ప్లెక్సీకి మూసిన 4x12లో 25 వాట్ల గ్రీన్‌బ్యాక్, జేసీఎం800కు జీ12టీ-75 లేదా వింటేజ్ 30. ఇవి తారుమారైతే ఎంత ఖరీదైన పెట్టె అయినా పరాయి గొంతుతోనే పలుకుతుంది. మైక్ ఎస్ఎం57 అయితే నడిమి బొడిపెకు సూటిగా కాక దాని అంచుకు పెట్టింది తీసుకోండి. లో కట్ 80-100 హెర్ట్జ్, హై కట్ 6.5-8 కిలోహెర్ట్జ్. గిటారు స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ పైన ఎలాగూ వేగంగా పడిపోతుంది. ఆ పైన మిగిలే ఝుం ఝుం మోతనే జనం డిజిటల్ సౌండ్ అని తిడతారు.

క్యాప్చర్లలో క్యాబ్ కలిపినవీ ఉంటాయి, ఆంప్ మాత్రమే ఉన్నవీ ఉంటాయి. ఆంప్ మాత్రమే ఉన్నది తీసుకుని ఐఆర్ మీరే పెట్టుకోండి. క్యాబ్ కలిపినదానికి మళ్లీ ఐఆర్ తగిలిస్తే గొంతు పూడుకుపోయినట్టు వస్తుంది. మోడలర్‌ను నిజమైన గిటారు క్యాబినెట్‌కు పవర్ ఆంప్ ద్వారా కలిపినా ఇదే జరుగుతుంది, అప్పుడు ఐఆర్ ఆపేయాలి.

ల్యాప్‌టాప్ దారి

చేతిలో ల్యాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే న్యూరల్ ఆంప్ మోడలర్ ప్లగిన్ ఉచితం, క్యాప్చర్లూ ఉచితంగా దొరుకుతాయి. పెట్టె కొనేముందు దీంతో చెవి తయారు చేసుకోవడం తెలివైన పని. గిటారును ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌లోనే పెట్టాలి. అక్కడ ఇంపీడెన్స్ సుమారు 1 మెగాఓమ్. లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పైస్థాయి చచ్చిపోతుంది. విండోస్‌లో ఇంటర్‌ఫేస్‌తో వచ్చిన ఏఎస్ఐఓ డ్రైవర్ వేసి, 48 కిలోహెర్ట్జ్‌లో బఫర్ 64 శాంపిళ్లు పెట్టండి. ఒక్కో బఫర్‌కు 1.3 మిల్లీసెకన్లే. టప టప చప్పుళ్లు వస్తే 128కి వెళ్లండి.

క్యాప్చర్‌లో లెవెల్ చాలా ముఖ్యం. ఎక్కువ ఇస్తే క్రంచ్ టోన్ ఫజ్‌లా మారుతుంది, తక్కువిస్తే నీరసపడుతుంది. ఇంటర్‌ఫేస్ గెయిన్ పూర్తిగా తగ్గించి, దాని గరిష్ఠ ఇన్‌పుట్ ఎన్ని డీబీయూ (సిగ్నల్ లెవెల్ కొలత) అన్నది మాన్యువల్‌లో చూసి, ప్లగిన్‌లోని కాలిబ్రేషన్ గడిలో ఆ అంకె వేయండి. క్యాప్చర్ తీసినవాళ్లు తమ లెవెల్ నమోదు చేసి ఉంటే రెండూ సరిపోతాయి. లేకపోతే గట్టిగా మీటినప్పుడు పీకులు మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా చూసి, అక్కడినుంచి చెవితో సరిచేయాలి.

స్టేజీ మీద మాత్రం ల్యాప్‌టాప్ వద్దు. మండపంలో జనరేటర్ మారిన క్షణం, మే నెల ఉక్కపోత, ఎవరో వైరు తన్నడం, ఏదైనా ఒక్కటి చాలు.

వేదిక మీదికి

ఇంట్లో మెల్లగా వింటూ చేసిన ప్యాచ్ (దాచుకున్న టోన్ సెట్టింగు) వేదిక మీద గుమ్ముమంటూ, కీచుమంటూ వస్తుంది. తక్కువ శబ్దంలో చెవికి బాస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి, అందుకని ఇంట్లో వాటిని ఎక్కువ కలిపేస్తాం. ప్యాచ్‌ను ఒకసారైనా 85-90 డెసిబెల్స్ దగ్గర స్పీకర్‌లో విని సరిచేయండి, ఫోన్‌లోని మీటర్ యాప్ ఉజ్జాయింపుకు చాలు. గెయిన్ ఇంట్లో నచ్చినదానికంటే కొంత తగ్గించండి. బృందంలో మిడ్ తగ్గించకండి, మార్షల్ మార్షల్‌లా వినపడేది మిడ్ వల్లే.

రిసెప్షన్ స్టేజీ మీద ఎల్ఈడీ గోడ, లైటు డిమ్మర్లు సింగిల్ కాయిల్ గిటారును బుర్రుమనిపిస్తాయి. నాయిస్ గేట్ దాన్ని వాయించనప్పుడే ఆపుతుంది. గోడకు పక్కగా తిరిగి నిలబడే కోణం వెతుక్కోవడం అంతకంటే పనిచేస్తుంది. మిక్సర్‌కు ఎక్స్ఎల్ఆర్ కేబుల్‌తో పంపేటప్పుడు ఆ ఛానల్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకుల కోసం మిక్సర్ పంపే కరెంటు) ఆపించండి. హమ్ వస్తే, మోడలర్‌కు గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో కేబుల్ ఎర్త్‌ను విడదీసే స్విచ్) ఉంటే నొక్కండి, ప్లగ్ నుంచి ఎర్త్ పిన్ను మాత్రం ఎవరేం చెప్పినా తీయొద్దు. హెచ్ఎక్స్ స్టాంప్ అడాప్టర్ 9 వోల్టులు, 3 ఆంపియర్లు. మామూలు పెడల్ అడాప్టర్ సరిపోదు, అసలుది ఇంట్లో మరిచిపోతే వాయించే ఊళ్లో అప్పటికప్పుడు దొరకదు.