నరసాపురం–సఖినేటిపల్లి పంటు: ఎవరికి మేలు, ఎప్పుడు ఇబ్బంది

నరసాపురం నుంచి అంతర్వేది వెళ్లడానికి రెండు దారులున్నాయి. పాలకొల్లు, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగే రోడ్డు 30 కిలోమీటర్ల పైమాటే. లేదంటే రేవులో పంటు (మనుషులనూ బండ్లనూ దాటించే పెద్ద పడవ) ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి వైపు దిగడమే. బైకు మీద వెళ్లేవాళ్లకూ, నడిచి వెళ్లేవాళ్లకూ పంటును మించింది లేదు. కారుకు మాత్రం వేళ చూసుకోవాలి.

సముద్రం దగ్గర కావడంతో ఇక్కడి గోదావరికి రోజుకు రెండుసార్లు పోటు (నీరు పెరగడం), రెండుసార్లు పాటు (నీరు తగ్గడం). పోటు మీద పంటు రేవుకు సమంగా నిలుస్తుంది, కారు ఇట్టే ఎక్కుతుంది. పాటుకు నీరు దిగితే ఒడ్డున బురద తేలి, ఎక్కే పలక ఏటవాలుగా పడుతుంది. ఎత్తు తక్కువ కార్ల బంపరు రాసుకునేదీ, బైకు చక్రం జారేదీ అప్పుడే. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఈ వారం ఉదయం 9 గంటలకు హాయిగా ఎక్కిన కారుకు వచ్చే వారం అదే వేళకు పాటు ఎదురవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం తేడా మరీ ఎక్కువ, అష్టమి దాపుల్లో తక్కువ.

ఎక్కేముందు కారులోంచి అందరూ దిగిపోవాలి, డ్రైవరు ఒక్కడే ఉండాలి. మొదటి గేరులో, క్లచ్ మీద ఆడించకుండా ఒకే ఊపున ఎక్కించాలి. పలక మధ్యలో ఆగితే తడిచక్రం తిరుగుతూ ఉంటుందే తప్ప బండి కదలదు. ఎక్కాక హ్యాండ్ బ్రేకు వేసి గేరులోనే ఉంచండి. బైకుకు సైడు స్టాండు చాలదు, పంటు ఊగితే పడిపోతుంది, పట్టుకునే నిలబడాలి. లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి, ఈతొచ్చినా సరే.

అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం రోజుల్లో కారుకు పంటు వద్దు. మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. రేవు నిండా జనమే. పౌర్ణమి నాటి చక్రస్నానానికి ఆ జనంతోపాటు పెద్ద పాటు కూడా తోడవుతుంది. చించినాడ మీదుగా వెళ్లడమే మేలు.

జూలై నుంచి సెప్టెంబరు దాకా బయల్దేరే ముందు ధవళేశ్వరం వరద కబురు కనుక్కోండి. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఎర్రనీరు ఉరవడిగా దిగుతుంటే పంటు నేరుగా అవతలి రేవుకు చేరలేదు, ప్రవాహం కిందికి లాగేస్తుంది. కొట్టుకొచ్చే దుంగలు మరో ప్రమాదం. అలాంటప్పుడు రాకపోకలు ఆపేస్తారు. ఆపడమే సరైన పని, రేవులో సిబ్బందితో వాదించకండి. భద్రాచలంలో గోదావరి పెరుగుతోందని వింటే, ఆ నీరు కిందికి దిగేలోపే అంతర్వేది పని చూసుకుని ఇవతలికి వచ్చేయాలి.