ఫస్ట్ జనరేషన్ స్టూడెంట్ అంటే ఎవరు? అమెరికా కాలేజీల్లో రెండు లెక్కలు

అమెరికాలో బ్యాచిలర్స్‌కి అప్లై చేసే మన హైదరాబాద్ పిల్లల్లో చాలామంది ఫామ్‌లో ‘మీరు ఫస్ట్ జనరేషనా’, అంటే ఇంట్లో కాలేజీ చదువుకి వెళ్తున్న మొదటి తరమా, అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతారు, ఎందుకంటే అన్ని కాలేజీలదీ ఒకే లెక్క కాదు.

మొదటి లెక్కలో అమ్మానాన్నల్లో ఎవరికీ బ్యాచిలర్స్ డిగ్రీ ఉండకూడదు, అంతే. అక్కడి 1965 హయ్యర్ ఎడ్యుకేషన్ యాక్ట్‌లో ఉన్నది ఇదే, పిల్లలు ఒక్క పేరెంట్ దగ్గరే పెరిగితే ఆ ఒక్కరి చదువే చూస్తారు. రెండో లెక్క ఇంకా టైట్, అమ్మానాన్నలు ఇద్దరూ అసలు కాలేజీ గడపే తొక్కి ఉండకూడదు.

ఇప్పుడు బాలానగర్‌లో ఒక ఇల్లు అనుకోండి, నాన్న ఉస్మానియా కింద బీకాం సెకండియర్‌లో ఆపేసి ఏదో కంపెనీలో చేరిపోయారు, అమ్మది ఇంటర్. మొదటి లెక్కలో ఆ అమ్మాయి ఫస్ట్ జనరేషనే, రెండో దాంట్లో మాత్రం కాదు! నాకైతే మొదటిదే న్యాయం అనిపిస్తుంది, రెండేళ్ళు క్లాసులకి వెళ్ళినంత మాత్రాన ఆ నాన్న కూతురికి అడ్మిషన్ ఎస్సే గురించి ఏం చెప్పగలరు పాపం. పాలిటెక్నిక్ డిప్లొమా కూడా బ్యాచిలర్స్ కాదు, గుర్తుపెట్టుకోండి. అదే నాన్న బీకాం పూర్తిచేసుంటే మాత్రం రెండిట్లోనూ కష్టమే, మన డిగ్రీ మూడేళ్ళదైనా బ్యాచిలర్సే కదా. అన్నయ్యో అక్కో చదివారా అన్నది మామూలుగా లెక్కలోకి రాదు.

ఇంకోటి, ఇలాంటి పిల్లలకి చదువులో సాయం చేసే ట్రియో లాంటి ఫెడరల్ (అమెరికా ప్రభుత్వ) ప్రోగ్రాములు ఎఫ్‌-1 వీసా, అంటే స్టూడెంట్ వీసా మీద వెళ్ళే పిల్లలకి ఉండవు, కాలేజీ సొంతంగా ఇచ్చే సపోర్ట్ ఏముందో అడగండి. ఫామ్‌లో టిక్ పెట్టేముందు ఆ కాలేజీ సైట్‌లో డెఫినిషన్ చదవండి, అర్థం కాకపోతే అడ్మిషన్ ఆఫీసుకి ఒక మెయిల్ కొట్టండి.