ఉబుంటు సిస్టమ్‌ని ఫార్మాట్ కొట్టకుండా బాగుచేసే షాపు, అనంతపురం – 4/5

సప్తగిరి సర్కిల్ నుంచి నడిచిపోయేంత దూరంలోనే, ఒక సందులో మేడ మీద ఉంటాది ఈ షాపు. బోర్డు మీద జెరాక్స్, లామినేషన్, కంప్యూటర్ సర్వీస్ అని తప్ప పేరూ గీరూ ఏం లేదు, అందుకే నేను కూడా పేరు రాయట్లేదు. కింద టీ అంగడిలో "లైనక్స్ అన్న యాడుంటాడు" అని అడిగితే మెట్లు చూపిస్తారు. ఊర్లో సర్వీస్ సెంటర్లకేం తక్కువ లేదు గానీ ఉబుంటు (విండోస్ బదులు వాడే లైనక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) అనంగానే చాలామంది "ఫార్మాట్ కొట్టి విండోస్ ఏసిస్తాం బ్రో" అంటారు, డేటా పోతాది కదా అంటే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి అంటారు. ఈయన అట్ల కాదు, ముందు ఎర్రర్ మొత్తం చదువుతాడు. నాకు నచ్చింది అదే.

ఫస్ట్ పోయింది మా ఫ్రెండు పని మీద. వాడు వేరుశనగ దిగుబడి మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు, వాళ్ల సీనియర్లు ఫోర్ట్రాన్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో ఎప్పుడో రాసిన ప్రోగ్రాం ఒకటుంది, మండలాల వారీగా వాన లెక్కలు ఇస్తే దిగుబడి అంచనా ఇస్తాది. ఉబుంటు 18.04 వెర్షన్‌లో బాగానే నడుస్తా ఉండె. ల్యాబులో ఎవరో దాన్ని 20.04కి, ఆడ్నుంచి 22.04కి అప్‌గ్రేడ్ చేసినారు, చివర్లో పాత ప్యాకేజీలు తీసేయాలా అని అడిగితే ఎస్ కొట్టినారు, దాంతో కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మార్చే కంపైలర్, అంటే జీసీసీ, 7 నుంచి 11కి పోయింది, ప్రోగ్రాం ఏమో "లిబ్‌జీఫోర్ట్రాన్.సో.4 కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్" అని కూర్చుంది, అంటే నడవడానికి కావాల్సిన లైబ్రరీ ఫైలు దొరకలేదని. మావాడు నెట్‌లో చూసి సిస్టమ్‌లో ఉన్న కొత్త సో.5 ఫైలుకే సో.4 అనే పేరుతో లింకు పెట్టినాడు. అప్పుడు ఎర్రర్ పోలేదు, మారింది అంతే, "వెర్షన్ జీఫోర్ట్రాన్_7 నాట్ ఫౌండ్" అని.

అన్న, ప్రోగ్రాంకి ఏ లైబ్రరీలు కావాలో చూపించే ఎల్‌డీడీ కమాండ్ కొట్టి నాట్ ఫౌండ్ అని ఉన్న లైన్ చూపించి, ఫస్ట్ ఆ లింకు పీకేసినాడు. "పేరు మార్చితే లోపలిది మారతాదా అప్పా" అన్నాడు. విషయం ఏందంటే జీఫోర్ట్రాన్ (జీసీసీలోని ఫోర్ట్రాన్ కంపైలర్) 7కి సో.4 లైబ్రరీ, 8 నుంచి సో.5. నంబరు ఊరికే పెంచలేదంట, 8లో అర్రేల (వరస లెక్కల పట్టికల) వివరాలు మెమరీలో పెట్టుకునే పద్ధతే మార్చేసినారు, పాతదానికి కొత్తది తగిలిస్తే ఒకవేళ నడిచినా లెక్కలు ఏమొస్తాయో నమ్మలేం. దిగుబడి అంచనా తప్పు వస్తే ఎవరికి తెలుస్తాది చెప్పండి, థీసిస్‌లో అట్లే ఎక్కిపోతాది. అందుకని పాత బిల్డ్ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి మొదట్నుంచి కంపైల్ చేసినాడు, పాత కంపైలర్ చేసి పెట్టిన మాడ్ ఫైళ్లు ఉంటే, వేరే వెర్షన్‌తో చేసినవి అని కొత్త కంపైలర్ చదవదు కాబట్టి. మధ్యలో ఆర్గ్యుమెంట్ టైపులు (కోడ్‌లో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి పంపే విలువల రకాలు) కలవలేదని ఎర్రర్లు వరసగా వచ్చినాయి, పాత కంపైలర్ చూసీ చూడనట్టు వదిలేసేది, జీసీసీ 10 నుంచి ఒప్పుకోవట్లేదు. కంపైలర్‌కి ఒక ఫ్లాగ్ (ఆప్షన్) పెట్టి దాటించినాడు గానీ "ఇది మందు కాదు, తర్వాత కోడ్ సరిచేసుకో" అని గట్టిగానే చెప్పినాడు. సోర్స్ కోడ్ లేకుంటే ఎట్లా అని అడిగితే, 18.04 ప్యాకేజీలోంచి ఆ లైబ్రరీ తీసి ప్రోగ్రాం పక్కనే ఒక ఫోల్డర్‌లో పెట్టి, ప్యాచ్‌ఎల్ఫ్ అనే టూల్‌తో ఆ దారి ప్రోగ్రాంలోనే రాసిస్తాడంట.

నా సిస్టమ్‌ది ఇంకో రకం. నేను జీసీసీ 13.2 సోర్స్ నుంచి బిల్డ్ చేసి యూఎస్ఆర్ లోకల్ ఫోల్డర్‌లో పెట్టుకున్నా, సీ ప్లస్ ప్లస్ కోడ్ చక్కగా కంపైల్ అయితాది, రన్ చేస్తే మాత్రం "జీలిబ్‌సీఎక్స్ఎక్స్_3.4.32 నాట్ ఫౌండ్". 22.04లో సిస్టమ్‌తో వచ్చే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ లిబ్‌ఎస్‌టీడీసీ ప్లస్ ప్లస్‌లో 3.4.30 వరకే ఉంటాది, ఫైలు లోపలున్న అక్షరాలు చూపించే స్ట్రింగ్స్ కమాండ్‌తో అన్న చూపించినాడు. కొత్త లైబ్రరీ లిబ్64 ఫోల్డర్‌లో ఉంది, ఉబుంటు మామూలుగా వెతికేది యూఎస్ఆర్ లోకల్ లిబ్‌లో, లిబ్64లోకి తొంగి కూడా చూడదు. ఈటీసీ కింద ఎల్‌డీ.సో.కాన్ఫ్.డీ ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి, ఆ దారి రాసి, సిస్టమ్ లైబ్రరీల లిస్టు మళ్లీ తయారుచేసే ఎల్‌డీకాన్ఫిగ్ కమాండ్ కొట్టినాడు, అయిపోయింది. ఇక్కడ ఫోర్ట్రాన్ లాంటి భయం లేదు, ఈ లైబ్రరీకి సో.6 అనే పేరు 2004లో జీసీసీ 3.4 నుంచి మార్చలేదు, కొత్త లైబ్రరీతో పాత ప్రోగ్రాంలు నడుస్తాయి, కొత్త ప్రోగ్రాంకి పాత లైబ్రరీ ఇస్తేనే తంటా. టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే నా బ్యాష్ఆర్‌సీ ఫైల్లో, లైబ్రరీలు యాడ వెతకాలో చెప్పే ఎల్‌డీ లైబ్రరీ పాత్ లైన్ చూసి తీసేయించినాడు కూడా, అది టెర్మినల్‌లో నడిచే ప్రతిదానికీ తగులుకుంటాదని. వేరే వాళ్ల సిస్టమ్‌కి ఇచ్చే ప్రోగ్రాం అయితే ఆ లైబ్రరీని స్టాటిక్‌గా, అంటే ప్రోగ్రాం లోపలే, కలిపేసుకోమన్నాడు.

నేను గమనించింది ఇంకోటి, ఎవరో తెలియని ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిస్తే దాని మీద ఎల్‌డీడీ కొట్టడు, ఫైలుని నడపకుండా లోపలిది చూపించే ఆబ్జ్‌డంప్‌తో చూస్తాడు. ఎల్‌డీడీ కొన్నిసార్లు ఆ ప్రోగ్రాంనే నడిపేస్తాదంట. ఇంత జాగ్రత్త మా ల్యాబుల్లోనే చూడలేదు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించినానంటే వెయిటింగ్ చాలా ఘోరం. మధ్యలో ఆధార్ జెరాక్స్‌కి ఎవరొచ్చినా లేచిపోతాడు, మన కంపైల్ అట్లే ఆగి ఉంటాది, కూర్చోడానికి ఒక్కటే స్టూలు. ఫోన్ ఎత్తడు. బిల్లు ఇవ్వడు, ప్రాజెక్టు డబ్బులతో చేయించుకునే వాళ్లకి అది ఇబ్బందే. సిస్టమ్‌కి 500 తీసుకున్నాడు, ఫార్మాట్‌కి కూడా బయట అంతే అడుగుతున్నారు కాబట్టి నాకైతే ఎక్కువ అనిపించలా. ఇంకా చేసిన కమాండ్లన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లో సేవ్ చేసి డెస్క్‌టాప్ మీద పెట్టినాడు, అడక్కుండానే.

పోయే వాళ్లు ఎర్రర్ ఫోటో కాదు, మొత్తం టెక్స్ట్ తీస్కపోండి, సోర్స్ కోడ్ ఉంటే అది కూడా. స్కూల్ అడ్మిషన్లు జరిగే జూన్‌లో మాత్రం వద్దు, జెరాక్స్ క్యూ మెట్ల కింది దాకా ఉంటాది.