సైబర్ హద్దులు: ఇద్దరి ఒప్పందమా, ఐరాస వేదికా?

పోటీ పడే పెద్ద దేశాలు సైబర్ దాడులకు హద్దులు గీయాలంటే దారులు రెండు: ఇద్దరే కూర్చుని మాట్లాడుకోవడం, లేదా ఐక్యరాజ్యసమితిలో అందరితో కలిసి తేల్చుకోవడం.

సమయం
ఇద్దరైతే: త్వరగా తెములుతుంది. 2015 సెప్టెంబరులో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా, చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ ఒక మాటకొచ్చారు. తమ కంపెనీల లాభం కోసం వ్యాపార రహస్యాలను హ్యాకింగ్‌తో దొంగిలించకూడదు, దొంగిలించేవాళ్లకు తెలిసి అండగా ఉండకూడదు. ప్రభుత్వాలు ఒకదానిపై ఒకటి చేసే మామూలు గూఢచర్యం జోలికి ఆ ఒప్పందం పోలేదు. అందుకే కుదిరిందని నా నమ్మకం.
ఐరాస అయితే: ఏళ్లు పడుతుంది. 2015లో ఐరాస నిపుణుల బృందం దేశాలు సైబర్ రంగంలో ఎలా నడుచుకోవాలో 11 నియమాలు ఇచ్చింది. 2017లో తర్వాతి బృందం ఏకాభిప్రాయం లేకుండానే చేతులెత్తేసింది.

రిస్క్
ఇద్దరైతే: సంబంధాలు చెడితే ఒప్పందం నీరుగారుతుంది. 2018లో చైనా మాట తప్పిందని అమెరికా బాహాటంగా ఆరోపించింది, చైనా కాదంది.
ఐరాస అయితే: నియమాలు స్వచ్ఛందం. కీలక వ్యవస్థలను దెబ్బతీయొద్దని నియమం పెట్టిన 2015లోనే, డిసెంబరులో ఉక్రెయిన్‌లో సైబర్ దాడితో రెండు లక్షల మందికి పైగా వినియోగదారులకు కరెంటు పోయింది. శిక్ష లేదు. కానీ తప్పును తప్పని చెప్పడానికి అందరూ ఒప్పుకున్న కొలబద్ద ఉంది, అది చిన్న విషయం కాదు.

ఫలానా దొంగతనం ఆగాలి, ఆగకపోతే ఆంక్షలు వేసే సత్తా ఉంది అనుకుంటే ఇద్దరి చర్చలే మేలు. అపార్థంతో యుద్ధం వస్తుందన్న టెన్షన్ ఉన్నా అంతే. 2013లో అమెరికా, రష్యా సైబర్ ఘటనల కోసం హాట్‌లైన్ పెట్టుకున్నది అందుకే. బేరమాడే బలం లేని చిన్న దేశాలకూ రక్షణ కావాలంటే మాత్రం ఐరాసే దారి.