అర్జీ ఇస్తే రిసీవ్డ్ సంతకం లేకుండా ఆఫీసు గడప దాటకండి

నిన్నటి నుంచి అన్నం సహించడం లేదు. కాలేజీ పేరు రాయను, అక్కడ చేరినవాళ్లకి చదవగానే తెలిసిపోతుంది.

పీజీలో చేరిన రోజే టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, డిగ్రీ ప్రొవిజనల్ అన్నీ ఒరిజినల్సే తీసుకున్నారు. తర్వాత రెండో విడత కౌన్సెలింగ్‌లో వేరేచోట నేను కోరుకున్న సీటు వచ్చింది. కాగితాలు ఇవ్వమంటే, రెండో ఏడాది ఫీజు కూడా కట్టి తీసుకెళ్లమన్నారు. చదవని ఏడాదికి ఫీజేంటి? అర్జీ రాసిచ్చాను. "ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీద పెడతాలే అమ్మా" అన్నాడు ఆఫీసులో ఆయన. నమ్మేశాను.

పదకొండు రోజులు తిప్పారు. నిన్న కొత్త కాలేజీలో రిపోర్ట్ చేయడానికి ఆఖరి రోజు. నాన్న కూడా వచ్చారు. "ఏ అర్జీ? మాకేం రాలేదే" అన్నాడు అదే మనిషి. వెనక బీరువా తెరిచే ఉంది. పై అరలో నా కవరు, దాని మీద నేను రాసుకున్న నా పేరు. "అదిగో సార్, అదే నాది" అన్నాను. లేచాడు, తలుపు మూశాడు, తాళం వేసి జేబులో వేసుకున్నాడు. "ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో, పో." నాన్న ఆయనకి చేతులు జోడించారు. అది మాత్రం నేను మర్చిపోలేను. సాయంత్రానికి సీటు పోయింది.

తప్పు నాది కూడా. అర్జీ జిరాక్స్ మీద సంతకం, తేదీ, స్టాంపు వేయించుకోవాలన్న ఆలోచనే రాలేదు. ఇచ్చానని చూపించడానికి చేతిలో చిన్న ముక్క లేదు.

రాత్రి కూర్చుని చదివితే తెలిసింది. ఒరిజినల్స్ సరిచూసి వెంటనే తిరిగివ్వాలని, దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ (యూనివర్సిటీలు, కాలేజీలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ) 2018లోనే చెప్పింది. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి, దాని వివరాలు ప్రాస్పెక్టస్‌లోనూ వెబ్‌సైట్‌లోనూ వేయాలి. ఫీజు కోసం సర్టిఫికెట్లు ఆపడం ఫిర్యాదు చేయదగ్గ విషయమేనని అందులో స్పష్టంగా ఉంది. కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అక్కడ న్యాయం జరగకపోతే, నిర్ణయం అందిన 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కి, అంటే కమిటీ పైన అప్పీళ్లు వినే అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు. ఆ 15 పనిదినాల లెక్కలో నా గడువు ఎలాగూ దాటిపోయేది. అందుకే ఇవ్వం అన్న మొదటి రోజే ఫిర్యాదు పెట్టేయండి, బతిమాలుతూ కూర్చోకండి.

ఈరోజు యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. ప్రిన్సిపాల్‌కి అదే అర్జీ మళ్లీ రాసి స్పీడ్ పోస్టులో పంపాను. ఈసారి రసీదు నా దగ్గరుంది.