కథకు ముగింపు ఇస్తామనే పెయిడ్ సర్వీసులతో జాగ్రత్త

కథల పోటీలకు పంపేవాళ్లు, కొత్తగా రాస్తున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ‘మీ కథ మొత్తం చదివి, తర్కానికి నిలిచే మూడు ముగింపులు సూచిస్తాం’ అన్న ప్రకటన నమ్మి ఆన్‌లైన్‌లో ఒక సర్వీసుకు 1,800 రూపాయలు కట్టాను. వాళ్లు పంపింది చూశాక ఒళ్లు మండిపోయింది.

నా కథలో కొడుకు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ మధ్యలో మానేసి, బైక్ మీద పార్సిళ్లు డెలివరీ చేస్తుంటాడు. ఊళ్లో ఉన్న తండ్రికి చెప్పడు. చదువుకని బ్యాంకు లోను తీసుకున్నారు. మూడో ఏడాది విడత ఇవ్వాలంటే మార్కుల మెమో తెమ్మంటాడు మేనేజరు. అక్కడ ఆగిపోయాను.

వాళ్ల మొదటి ముగింపులో తండ్రిని లారీ గుద్దేస్తుంది, కొడుకు పశ్చాత్తాపపడతాడు. రెండోదాంట్లో ఇదంతా పీడకల. మూడోదాంట్లో అమెరికా మేనమామ అప్పు తీర్చేస్తాడు, తల్లి కొడుకుని క్షమిస్తుంది. ఏ తల్లి? మొదటి పేరాలోనే ఆవిడ ఫొటోకి దండ వేసి ఉంది! కథ చదవలేదనడానికి ఇంకేం కావాలి?

చిక్కుముడి కథలోంచే విడాలి, పైనుంచి దేవుణ్ణి దించి విప్పకూడదని అరిస్టాటిల్ ఎప్పుడో చెప్పాడు. మన గురజాడ 1910లో రాసిన ‘దిద్దుబాటు’ కథ చూడండి. ఇల్లు వదిలి వెళ్లిపోయిందనుకున్న భార్య కమలిని చివర్లో మంచం కింద నుంచి నవ్వితే ఆశ్చర్యం వేస్తుంది గానీ అబద్ధం అనిపించదు. భర్త రాత్రిళ్లు ఆలస్యంగా రావడం వల్లే ఆమె అలా దాక్కుంది.

నా కథలోనూ ఆధారం ఉంది. పండక్కి వచ్చిన కొడుకు చేతులు మోచేతి కింద ఎండకి కమిలి నల్లబడి, చొక్కా చేతుల లోపల మామూలు రంగులో ఉండటం అన్నం వడ్డిస్తూ తండ్రి చూస్తాడు. ఏమీ అడగడు. నా స్నేహితురాలు ఆ వాక్యం కింద గీత గీసి, ‘ఈయనకి అప్పుడే తెలిసిపోలేదా?’ అంది. దాంతో ముగింపు దొరికింది. బ్యాంకులో తండ్రి, ‘మూడో ఏడాది డబ్బు వద్దండీ, ఇప్పటిదాకా తీసుకున్నది ఎలా కట్టాలో చెప్పండి’ అంటాడు. పైసా తీసుకోకుండా ఆమె చేసిన పని అది.

రిఫండ్ అడిగితే ‘డిజిటల్ సేవ, డబ్బు వెనక్కివ్వం’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఇలాంటి చోట కట్టాలనుకుంటే ముందు రెండు పేజీలు పంపి, ముగింపుకి పనికొచ్చే వివరం అందులో ఏముందో చెప్పమనండి. చెప్పలేకపోతే వదిలేయండి. చావు, కల, అనుకోని డబ్బు వద్దని రాతపూర్వకంగా ఒప్పించుకోండి. రిఫండ్ షరతులు కట్టకముందే చదవండి. ఇప్పటికే మోసపోయినవాళ్లు ప్రకటన, చెల్లింపు స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.